శిలాశ్రయమైన జనశ్రుతి: దేవాలయ వాస్తువు – స్థానిక ఐతిహ్య పరిరక్షణ

ఉపోద్ఘాతం

మన దేశంలో ప్రాచీన కట్టడాల పరిరక్షణను గురించిన ఆలోచన ప్రధానంగా శిలను, ఇటుకను, సున్నాన్ని ఆశ్రయించి సాగింది. ఒరిగిన స్తంభాన్ని నిలబెట్టటం, కారుతున్న పైకప్పును మూయటం, మాసిన చిత్రాన్ని శుభ్రపరచటం అనేవి ఆ పరిరక్షణలో ముఖ్యమైన పనులు. ఇవి అవశ్య కర్తవ్యాలే. అయితే ఒక ఆలయాన్ని ఆ ఊరివారు తమదిగా భావించటానికి కారణం కేవలం శిల కాదు. ఆ శిలను గురించి తరతరాలుగా చెప్పుకొంటూ వస్తున్న కథ. శిలకు శాసనబద్ధమైన రక్షణ ఉన్నది. కథకు అట్టి రక్షణ లేదు. కథ చెప్పే వృద్ధుడు గతిస్తే కథ కూడా గతిస్తుంది.

దేవాలయ వాస్తువు స్థానిక ఐతిహ్యాలను ఏయే విధాల నిలుపుకొని వస్తున్నదో పాలంపేట, లేపాక్షి, శ్రీశైలం, కారెంపూడి, కృష్ణా తుంగభద్రా సంగమ ప్రాంతాల ఉదాహరణలతో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఆలయాలను స్థానం మార్చవలసి వచ్చినపుడు ఆ ఐతిహ్యాలకు కలిగే గతిని కూడ ఇందులో పరిశీలించటం జరిగింది.

శాసనం, స్థలపురాణం, ఐతిహ్యం

నివసించుట అనే అర్థంగల ‘వస్’ ధాతువు నుండి వాస్తు శబ్దం ఏర్పడింది. మయమతం, మానసారం వంటి శిల్పగ్రంథాలు భూమి, ప్రాసాదం, యానం, శయనం మొదలైన వాటినన్నిటిని ఈ శబ్దం పరిధిలోకి తీసికొనివచ్చాయి. అంటే మనుష్యుడు గాని దేవుడు గాని వసించే చోటు వాస్తువు. నివాసమున్న చోట స్మృతి ఉంటుంది. కాబట్టి వాస్తువుకు, స్మృతికి గల సంబంధం కొత్తగా కల్పించినది కాదు.

ఒక ఆలయాన్ని గురించి మనకు మూడు విధాల వాఙ్మయం లభిస్తుంది. మొదటిది శాసనం. ఇది దాతను, కాలాన్ని, దానం చేసిన భూమిని చెబుతుంది. రెండవది స్థలపురాణం. ఇది సామాన్యంగా సంస్కృతంలో ఉండి, క్షేత్రాన్ని ఏదో ఒక మహాపురాణంతో ముడివేస్తుంది. మూడవది ఐతిహ్యం. ఇది ఊరివారి నోట వినవచ్చేది. శాసనం రాజు పక్షాన, స్థలపురాణం దేవుని పక్షాన మాట్లాడితే, ఐతిహ్యం సామాన్యంగా పని చేసినవారి పక్షాన, నష్టపడినవారి పక్షాన మాట్లాడుతుంది. చరిత్రకారులు మొదటిదానికి, పండితులు రెండవదానికి గౌరవమిచ్చినంతగా మూడవదానికి ఎవరూ ఇవ్వలేదు.

ఇందుకు ఒక గొప్ప మినహాయింపు కైఫియ్యతులు. కల్నల్ కాలిన్ మెకంజీ (మరణం 1821) ప్రేరణతో కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలను, వృద్ధుల మాటలను సేకరించారు. తరువాత సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు వ్రాయించి కాపాడాడు. ఆ కైఫియ్యతులలో శాసన విషయమూ, పుక్కిటి పురాణమూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది చరిత్ర, ఏది కథ అన్న విచారణను వారు ముందే చేసి, కథను పారవేయలేదు. అదే వారు మనకు చేసిన మహోపకారం.

పేరులో నిలిచిన శిల్పి: పాలంపేట

ములుగు జిల్లా పాలంపేటలోని రుద్రేశ్వరాలయాన్ని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేశాడు. ఈ విషయం అక్కడి శాసనం వలన విదితమౌతున్నది. కాని లోకంలో ఆ ఆలయం రుద్రేశ్వరాలయంగా కాక రామప్ప గుడిగానే ప్రసిద్ధం. రామప్ప దానిని నిర్మించిన శిల్పి అని జనశ్రుతి. శాసనం కట్టించినవానిని స్మరించింది. జనవాక్యం కట్టినవానిని స్మరించింది. చివరకు నిలిచింది జనవాక్యమే. 2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చినపుడు రుద్రేశ్వర నామంతో పాటు రామప్ప నామాన్ని కూడ స్వీకరించక తప్పలేదు.

ఆలయ నామం శిల్పినామం కావటం మన దేశంలో అరుదు. దీనికి కారణాన్ని ఆ కట్టడంలోనే వెదకవలసి ఉంటుంది. ఇసుక నింపిన పునాది, నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టిన విమానం, కక్ష్యాసనం పైభాగాన చూరులను మోస్తున్నట్లు నిలిచిన నల్లరాతి మదనికలు మొదలైన విశేషాలు చూపరుల దృష్టిని కట్టించినవాని సంపద మీదికి కాక కట్టినవాని నేర్పు మీదికి మరలిస్తాయి. పనితనం ప్రధానంగా కనిపించిన చోట పనివాని పేరు నిలవటం సహజం. రామప్ప అనే వ్యక్తి ఉన్నాడా, లేడా అన్నది వేరు ప్రశ్న. ఒక మహాశిల్పాన్ని చూచి దాని కర్త శిల్పియే అని ప్రజలు నిర్ణయించుకోవటం మాత్రం చారిత్రక సత్యం. అది నిర్లక్ష్యం చేయదగినది కాదు.

చిత్రించిన కథ, అంటుకొన్న కథ: లేపాక్షి

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో కూర్మశైలమనే చిన్న బండపై వెలసిన లేపాక్షి వీరభద్రాలయం ఈ విషయంలో మిక్కిలి సంపన్నమైన ఉదాహరణ. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో పెనుగొండ సీమకు చెందిన విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు దీనిని విస్తరింపజేశారు. పైకప్పు చిత్రాలలో ఆ సోదరులు పొడవైన కుళ్ళాయిలు ధరించి, పరివారంతో దేవుని సేవిస్తున్నట్లు నేటికీ కనిపిస్తారు.

ఇక్కడ కథలు రెండు విధాలుగా ఉన్నాయి. మొదటివి శిల్పులు, చిత్రకారులు సంకల్పించి నిలిపినవి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, సిరియాళుని కథ, మనునీతి చోళుని కథ మొదలైనవి ఇందులో చేరుతాయి. ఇవి సున్నపు గారపూత మీద ఖనిజ వర్ణాలతో గాని, శిలాఫలకాల మీద ఉలితో గాని చెప్పినవి. వీనిలో పార్వతీ కల్యాణం, చిరుతొండనంబి కథ, కిరాతార్జునీయం – ఈ మూడూ శ్రీనాథుని హరవిలాసంలో కూడ ఉన్నవి. చిత్రకారులు ఆ కావ్యాన్ని చూచి గీశారని దీనినిబట్టి చెప్పరాదు. కాని 15, 16 శతాబ్దుల తెలుగు సీమలో శైవకథలుగా ఏవి జనహృదయానికి దగ్గరగా ఉండేవో కావ్యమూ, కుడ్యమూ ఏకకంఠంతో చెబుతున్నాయనుట నిర్వివాదం. కావ్యం చదువరులకు, శ్రోతలకు దక్కింది. అక్షరజ్ఞానం లేని యాత్రికునికి మండపం పైకప్పే కావ్యమైనది.

రెండవ రకం కథలు ఎవరూ సంకల్పించనివి. కట్టడంలోని ఏదో ఒక వింత, లోపం, మరక, అసంపూర్తి పని వీటికి ఆధారం. శిల్పి విడిచిన ఖాళీని జనం కథతో పూరించారు. వీటిలో మూడింటిని విడివిడిగా పరిశీలించటం అవసరం.

మొదటిది గ్రామనామం. సీతాపహరణ సమయంలో రావణునితో పోరాడి పడిపోయిన జటాయువును శ్రీరాముడు ‘లే పక్షీ’ అని పిలిచినందున ఈ ఊరికి లేపాక్షి అని పేరు వచ్చినదని ఒక కథ. ప్రాంగణంలో సదా తడిసి ఉండే పెద్ద పాదముద్రను సీతమ్మ పాదమని చూపుతారు. వ్యాకరణ దృష్టితో చూస్తే ‘లే పక్షి’ అనే పదాల కలయికలో ‘ప’ హ్రస్వంగానే ఉండాలి. దీర్ఘానికి ఆస్కారం లేదు. ‘లేప’, ‘అక్షి’ శబ్దాల కలయికలో సవర్ణదీర్ఘం సహజంగా సిద్ధిస్తుంది. బహువ్రీహిలో అక్షి శబ్దానికి సమాసాంత ప్రత్యయం వచ్చి విరూపాక్షుడు అని పుంలింగ రూపమూ, మీనాక్షి, విశాలాక్షి అని స్త్రీలింగ రూపమూ ఏర్పడటం మనకు తెలిసినదే. ఆ మార్గాన లేపాక్షి అన్నది కూడ సాధురూపమే అవుతుంది. శిల్పగ్రంథాలలో లేప్యమంటే పూతపని. చిత్రాల కోవెలకు ఈ పేరు యాదృచ్ఛికంగానైనా చక్కగా అమరింది.

ఇంతమాత్రాన జటాయువు కథ త్రోసివేయదగినది అనరాదు. జనవ్యుత్పత్తి వ్యాకరణానికి నిలవకపోవచ్చు. కాని జనులు తమ ఊరిని రామకథా భూగోళంలో ఎక్కడ నిలుపుకొన్నారో అది చెబుతుంది. కేరళలోని చడయమంగళంలో కూడ జటాయువు పడిన బండ ఇదేనని చూపుతారు. పెద్ద బండలున్న చోటికి ఈ కథ వలస పోవటం గమనార్హం. కథ ఊరూరికీ తిరుగుతుంది. శిల దానిని ఒక్కొక్క చోట పట్టి నిలుపుతుంది.

రెండవది విరూపణ్ణ కన్నుల కథ. రాజు లేని సమయంలో కోశాధికారి అయిన విరూపణ్ణ రాజధనాన్ని ఆలయ నిర్మాణానికి వెచ్చించాడట. కల్యాణ మండపం నిర్మాణం సాగుతుండగా రాజు ఆ సంగతి తెలిసికొని అతని కన్నులు తీయవలసినదిగా ఆజ్ఞాపించాడట. స్వామిభక్తుడైన విరూపణ్ణ ఆ శిక్షను తానే విధించుకొని, తన కన్నులను పెరికి గోడకు విసిరాడట. ఆ గోడమీద కనిపించే రెండు ఎర్రని మరకలు ఆ రక్తపు గురుతులని చెబుతారు. కల్యాణ మండపం మాత్రం నేటికీ పైకప్పు లేకుండా స్తంభాలతో నిలిచి ఉన్నది.

ఈ కథను ఒక నిర్మాణ సత్యం మోస్తున్నది. మండపం అసంపూర్తిగా ఉండటం కంటికి కనిపించే విషయం. అది ఎందుకు ఆగిపోయినదో శాసనం చెప్పదు. ప్రజలు చెప్పారు. ఇట్టి కథాంశం తెలుగునాట మరియొక చోట కూడ ఉన్నది. పాల్వంచ పరగణా అధికారి కంచర్ల గోపన్న రాజధనంతో భద్రాచల రామాలయం కట్టించి గోల్కొండ కోటలో చెరననుభవించిన వృత్తాంతం సుప్రసిద్ధం. తానీషా (1672–1687) నాటి ఆ కథకు గోల్కొండలోని బందిఖానా నేటికీ సాక్ష్యంగా చూపబడుతున్నది. రెండు కథల్లోనూ అధికారి రాజ్యధనాన్ని దైవానికి మరలించాడు, రాజు శిక్షించాడు. భేదమేమంటే భద్రాచల కథలో రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారు. లేపాక్షి కథలో ఏ దేవుడూ రాలేదు. విరూపణ్ణ ఋణం తన కన్నులతోనే తీర్చుకొన్నాడు. అందువలన ఈ కథలో విషాదం ఎక్కువ, ఫిర్యాదు ఎక్కువ.

ఈ ఫిర్యాదు ఎక్కడ నిలిచి వినిపిస్తున్నదో చూడవలసి ఉన్నది. నాట్యమండపం పైకప్పున మనునీతి చోళుని కథ చిత్రితమై ఉన్నది. తన కుమారుని రథం క్రింద ఆవుదూడ మరణించగా, తల్లిఆవు వచ్చి న్యాయఘంట మ్రోగించిందట. అంతట ఆ రాజు తన కుమారునికే మరణశిక్ష విధించాడట. రాజు ఎట్లుండవలెనో చెప్పే ఆ చిత్రాన్ని విరూపణ్ణ సోదరుల కాలపు చిత్రకారులు గీశారు. రాజు ఎట్లుండరాదో చెప్పే కథను తరువాతి జనులు అదే ఆలయపు గోడ మరకకు అంటించారు. పైకప్పు చిత్రాన్ని సంరక్షించి, గోడమీది మరకను సున్నం వేసి మాపినచో ఆ ఆలయం చెప్పే మాటలో సగమే మిగులుతుంది.

మూడవది వ్రేలాడే స్తంభం. మండపంలోని ఒక స్తంభం నేలను పూర్తిగా ఆనక, దాని అడుగుభాగాన పలుచని వస్త్రం ఒకవైపు నుండి మరొకవైపునకు దూరేటట్లు ఉన్నది. ఆంగ్ల ప్రభుత్వ కాలంలో ఒక ఇంజనీరు దీని రహస్యం తెలిసికొనగోరి కదల్పబోగా మిగిలిన స్తంభాలు కూడ కదలినవని, అతడు భయపడి మానుకొన్నాడని చెబుతారు. బహుస్తంభ మండపంలో దూలాలు ఒకదానినొకటి పట్టి ఉంటాయి. పైకప్పు బరువు వాటి మీదుగా పొరుగు స్తంభాలకు పంచబడుతుంది. కాబట్టి ఒక స్తంభం నేలను ఆనకపోయినా మండపం కూలదు. ఒక దానిని కదిపితే ఇతరాలకు కదలిక సోకటం కూడ ఈ కారణం చేతనే సంభవం. కథలోని నిర్మాణజ్ఞానం అసత్యం కాదు.

ఐతిహ్యానికి కాలనిర్ణయం చేసే పద్ధతి కూడ ఇక్కడ స్పష్టమౌతున్నది. ఆంగ్లేయ ఇంజనీరు పాత్ర ఉన్నది కాబట్టి స్తంభం కథ ప్రస్తుత రూపంలో ఆంగ్లపాలనకు పూర్వపుది కాజాలదు. కల్యాణ మండపం ఆగిపోయిన తరువాతనే విరూపణ్ణ కథ పుట్టి ఉండాలి. జటాయువు కథ రామాయణ ప్రచారమంత పాతది కావచ్చు, ఊరి పేరు ఆధునిక రూపం పొందిన తరువాతిదైనా కావచ్చు. భూమిలో పొరలున్నట్లే ఒక ఆలయంలోని ఐతిహ్యాలకూ పొరలున్నాయి. తవ్వకంలో పొరను గుర్తించకుండా వస్తువును తీయరాదన్న నియమం కథాసేకరణకు కూడ వర్తిస్తుంది.

లేపాక్షిలో మరొక విశేషం లతామండపం. అక్కడి స్తంభాలపై చెక్కిన లతలు, జాలులు, పక్షుల వరుసలు, చిత్రాలలోని స్త్రీల చీరల అంచులు తరువాతి కాలంలో నేతగాళ్ళకు, అద్దకపు పనివారికి మాతృకలైనవి. ‘లేపాక్షి అంచు’ అనే వ్యవహారం వస్త్రలోకంలో నేటికీ ఉన్నది. శిలలో దాచిన నమూనా మగ్గం మీదికి తిరిగి వచ్చింది.

ఆచారంలో నిలిచిన వాస్తువు: శ్రీశైలం, కారెంపూడి

కొన్ని చోట్ల కథ గోడమీద ఉండదు. కట్టడాన్ని ఆశ్రయించి ఏటేటా జరిగే ఆచారంలో ఉంటుంది. శ్రీశైలంలో మహాశివరాత్రి నాటి పాగాలంకరణ ఇందుకు నిదర్శనం. చీరాల ప్రాంతపు నేతపనివారు సంవత్సరం పొడవునా రోజుకొక మూర చొప్పున నేసిన పాగాను ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పిన చీకటిలో స్వామి గర్భాలయ శిఖరం నుండి ముఖమండపం మీది నందుల వరకు చుట్టుతారు. మల్లికార్జునుడు పెండ్లికొడుకు. ఆ పాగా అతని తలపాగా. ఇక్కడ ఆలయ శిఖరమే దేవుని శిరస్సు అన్న భావం ఏ శిల్పగ్రంథమూ చదవని నేతగాని చేతుల్లో ప్రత్యక్షమౌతున్నది. ప్రాసాదాన్ని పురుషునిగా భావించి పాదం, జంఘ, గ్రీవం, శిఖరం అని శాస్త్రం అవయవ విభాగం చేసింది. శాస్త్రం చెప్పిన దానిని ఆచారం చేసి చూపింది. పాగా పొడవు శిఖరానికి, నందులకు నడుమగల కొలతను అనుసరించి ఉంటుంది గనుక జీర్ణోద్ధరణలో ఆ కొలత మారితే ఆచారం మారుతుంది. ఇదే స్వామిని చెంచులు తమ అల్లునిగా భావించి చెంచు మల్లయ్య అని పిలుచుకొంటారు. మహాప్రాకారంపై బారులు తీరిన వేట దృశ్యాలను, శివలీలలను ఆ అడవిబిడ్డల కథలతో కలిపి చదివినపుడే వాటి స్వారస్యం పూర్ణంగా తెలుస్తుంది.

పల్నాటి కారెంపూడిలోని వీరుల గుడి దీనికి భిన్నమైన ఉదాహరణ. శిల్పదృష్టితో అది రామప్పకు గాని, లేపాక్షికి గాని సాటి వచ్చేది కాదు. కాని ఐతిహ్య పరిరక్షణలో దానికి సాటి వచ్చే కట్టడాలు తక్కువ. 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగిన పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులు అక్కడ దైవాలు. కార్తిక అమావాస్య మొదలు ఐదు దినాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఉత్సవం జరుగుతుంది. దూరగ్రామాల నుండి వీరుల వంశీకులమనుకొనేవారు కొణతాలనే ఆయుధాలను తెచ్చి నాగులేటిలో కడిగి గుడివద్ద నిలుపుతారు. వీరవిద్యావంతులు కథ పాడుతారు. బ్రహ్మనాయుని చాపకూడు కులభేదం లేని పంక్తిభోజనంగా అక్కడ పునరావృత్తమౌతుంది.

దినాల పేర్లు కథాఘట్టాల పేర్లే అగుట గమనింపదగినది. కథ మొత్తం ఆ ప్రాంగణంలో, ఆ ఏటి ఒడ్డున, ఆ ఐదు దినాల్లో అభినయింపబడుతుంది. పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ముద్రింపించేనాటికి ఆ కథ ఏడు శతాబ్దులకు పైబడిన దూరం నడిచి వచ్చినదంటే అందుకు వీరవిద్యావంతుల కంఠమూ, వీరుల గుడి రెండూ కారణాలు. పాడేవానికి నిలబడే చోటు కావలె. ఆ చోటును కట్టడం ఇచ్చింది. గుడి ఎంత పెద్దదన్నది కాక, ఆ గుడి ముందు ఏమి జరుగుతున్నదన్నది ఇక్కడ ప్రమాణం.

స్థానభ్రంశం: సంగమం లేని సంగమేశ్వరుడు

ఇంతవరకు చెప్పినవన్నీ స్వస్థానంలో నిలిచిన కట్టడాలు. ఆలయం స్థానం మారవలసి వచ్చినపుడు ఈ సంబంధం పరీక్షకు నిలుస్తుంది. తెలుగుదేశంలో ఈ పరీక్ష రెండు జలాశయాల వలన వచ్చింది.

నాగార్జునసాగరానికి 1955లో శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల విజయపురి మునగవలసి వచ్చినందున 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన పెద్దయెత్తున తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైకి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. అది మన దేశపు పురావస్తు చరిత్రలో మహత్తరమైన కృషి. అయితే ఆ లోయలో అప్పటికి ప్రజలు నివసిస్తున్న గ్రామాలు కూడ ఉన్నాయి. ఆ దిబ్బలను, ఆ శిథిలాలను వారు ఏ పేర్లతో పిలిచేవారు, ఏ కథలు చెప్పేవారు అన్న విషయం స్తూపాల కొలతలంత శ్రద్ధతో అడిగి వ్రాయదగినది. ఊరు చెదరిన తరువాత ఆ ప్రశ్న వేయటానికి చోటు లేదు.

శ్రీశైలం జలాశయం వలన కృష్ణా తుంగభద్రా తీరాలలోని అనేక ఆలయాలు కదలవలసి వచ్చాయి. ఆ రెండు నదుల కూడలిలో కూడవెల్లి వద్దనున్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు సమీపాన జగన్నాథగట్టు మీదికి చేరింది. శిల్పదృష్టితో ఇవి సఫలమైన కార్యాలే. చాళుక్య శిల్పం నీటిపాలు కాకుండ మిగిలింది. కాని సంగమేశ్వరుడన్న పేరు సార్థకం కావటానికి సంగమం కావలె. గట్టుమీద ఏ నదీ మరొక నదిని కలియదు. నదిలో స్నానం చేసి, తడిబట్టలతో మెట్లెక్కి దేవుని చూచే యాత్రాక్రమం ఆ ఆలయానికి లేదు. రాళ్ళు అవే, వరుస అదే, దిక్కు అదే. పేరు మాత్రం ఇపుడు ఒక జ్ఞాపకం. ఆ పేరు ఎందుకు వచ్చినదో చెప్పేవారు లేకపోతే అది అర్థం లేని శబ్దమౌతుంది.

దీనికి ప్రతిగా తరలింపబడని ఒక ఆలయం ఉన్నది. నంద్యాల జిల్లాలోని (నాటి కర్నూలు జిల్లా) సంగమేశ్వరం సప్తనదీ సంగమమని ప్రసిద్ధి. భవనాశి మొదలైన ఏడు నదులు అక్కడ కలుస్తాయని సంప్రదాయం. ధర్మరాజు శివలింగ ప్రతిష్ఠ చేయదలచగా కాశినుండి లింగం తేవలసిన భీముడు సకాలంలో రాలేదట. అంతట వేపమొద్దును లింగంగా మలచి ప్రతిష్ఠ చేశారట. రామేశ్వరంలో హనుమంతుని ఆలస్యం, సైకతలింగ ప్రతిష్ఠ అనే కథకు ఇది సోదరి వంటిది. భేదం ద్రవ్యంలో ఉన్నది. అక్కడ ఇసుక, ఇక్కడ దారువు. ఈ ఆలయం 1980 దశకంలో నీట మునిగింది. నీటిమట్టం బాగుగా తగ్గినపుడు మాత్రమే వేసవి దినాలలో బయటపడుతుంది. అపుడు పూజలు జరుగుతాయి, జనం వస్తారు. తిరిగి నీరు వస్తుంది. కట్టడం శిథిలమైనది గాని కథ శిథిలం కాలేదు. సంవత్సరంలో అధికభాగం కంటికి కనిపించని గుడి ఇంకను యాత్రాస్థలంగా ఉన్నదంటే దానిని నిలుపుతున్నది కథయే అని ఒప్పుకొనక తప్పదు.

కూడవెల్లిలో శిల మిగిలి స్థలం పోయింది. సంగమేశ్వరంలో స్థలం, కథ మిగిలి శిల సడలిపోతున్నది. ఏది మేలన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. శిలను కాపాడటం తప్పని ఎవరూ అనరాదు. కాని తరలించే పనిలో శిలకు వేసిన అంకెల వలె కథకు కూడ అంకెలు వేయవలసి ఉండినదని మాత్రం చెప్పవచ్చు. విగ్రహాన్ని కదల్చేముందు కళాకర్షణం చేసి దేవుని కళలను కుంభంలో నిలిపి, పునఃప్రతిష్ఠలో తిరిగి ఆవాహన చేయాలని ఆగమ సంప్రదాయం విధించింది. స్థలం విడిచే ముందు ఆ స్థలపు తేజస్సును భద్రపరచాలన్న ఎరుక మన పూర్వులకు ఉన్నది. ఐతిహ్య విషయంలో మనకు ఆ విధి ఇంకను ఏర్పడలేదు.

పరిరక్షణలో పాటింపదగిన అంశాలు

ప్రపంచంలో కూడ ఈ ఆలోచన క్రమంగా వచ్చినదే. 1964 నాటి వెనిస్ పత్రం ప్రధానంగా కట్టడపు మూలద్రవ్యాన్ని దృష్టిలో ఉంచుకొన్నది. 1994లో జపానులోని నారాలో వెలువడిన పత్రం ఉపయోగం, సంప్రదాయం, స్థలం, భావం అనేవాటిని కూడ ప్రామాణికతకు ఆధారాలుగా అంగీకరించింది. 2003లో యునెస్కో అమూర్త సంస్కృతీ పరిరక్షణకు ప్రత్యేకమైన ఒడంబడికను రూపొందించింది. భారతదేశం 2005లో దానిని ఆమోదించింది. మన చట్టాలు మాత్రం 1958 నాటి కేంద్రచట్టం మొదలుగా కట్టడాన్నే రక్షిత వస్తువుగా భావించాయి. ఈ లోపాన్ని పూరించే పని విద్యాసంస్థలది, విశేషించి ప్రాచ్య కళాశాలలది. శాసనం చదవగల, స్థలపురాణం వ్యాఖ్యానించగల, జానపదుని మాట వినగల ముగ్గురూ ఒకే ప్రాంగణంలో దొరికే చోటు అదే గనుక ఈ పని అక్కడనే సాధ్యం. ఈ క్రింది అంశాలు విచారణీయాలు.

1. ఒక ఆలయాన్ని గురించిన శాసనం, స్థలపురాణం, ఐతిహ్యం మూడింటిని వేర్వేరుగా వ్రాయాలి. ఒకదానిని మరొకదానితో సరిదిద్దరాదు.

2. ఐతిహ్యం చెప్పినవారి వృత్తి, ఊరు, చెప్పిన సంవత్సరం గుర్తించాలి. అర్చకుడు చెప్పిన కథ, మార్గదర్శి యాత్రికులకు చెప్పే కథ, పొలంలో పనివాడు చెప్పిన కథ ఒకటి కావు.

3. కథ కట్టడంలోని ఏ భాగాన్ని ఆశ్రయించినదో పటంలో చూపాలి. మరక, పగులు, అసంపూర్తి భాగం, వింత స్తంభం వంటివి మరమ్మతుకు ముందే పరిశోధకుని దృష్టికి రావాలి.

4. కథాంతరాలను అన్నిటిని నమోదు చేయాలి. చక్కనిదానిని ఎన్నుకొని తక్కినవి విడువరాదు.

5. ఐతిహ్యాన్ని చరిత్రగా ప్రచారం చేయరాదు. చరిత్ర కాదన్న కారణంతో దానిని నిరాకరింపనూ రాదు. ఫలకంపై వ్రాసినపుడు ‘శాసనం వలన తెలిసేది’, ‘జనులు చెప్పుకొనేది’ అని వేరుచేసి వ్రాయటం ఉభయతారకం.

ఐదవ అంశాన్ని గట్టిగా చెప్పవలసి ఉన్నది. నేడు యాత్రికుల రద్దీ గల స్థలాలలో ఐతిహ్యానికి రెండు వైపుల నుండి ప్రమాదం ఉన్నది. ఒక వైపు పండితుని తృణీకారం. మరొక వైపు ప్రచారపు అత్యుత్సాహం. మొదటిది కథను నశింపజేస్తే, రెండవది ఒక్క కథనే మిగిల్చి దానినే సత్యమంటుంది. లేపాక్షి వీరభద్రాలయం 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. దాని కీర్తి పెరిగే కొలదీ ‘లే పక్షీ’ అన్న ఒక్క మాటే మిగిలి, విరూపణ్ణ కన్నులు మరుగున పడే అవకాశం లేకపోలేదు. సంతోషకరమైన కథకు ప్రచారం సులభం. నొప్పిని చెప్పే కథను విద్వాంసుడు పూనుకొని కాపాడవలె.

ముగింపు

పై ఉదాహరణల వలన వాస్తువు ఐతిహ్యాన్ని నాలుగు విధాల నిలుపుతున్నదని తేలుతున్నది. పాలంపేటలో పేరుగా, లేపాక్షిలో చిత్రంగానూ మరకగానూ, శ్రీశైలం కారెంపూడులలో ఆచారంగా, సంగమేశ్వరంలో స్థలంగా అది నిలిచింది. ఈ నాలుగింటిలో శిల్పశాస్త్ర దృష్టికి కనిపించేది చిత్రం ఒక్కటే. తక్కిన మూడు ప్రజలను అడిగితే గాని తెలియవు. కథ చెప్పగలవారు ఇంకను కొందరు మన ఊళ్ళలో ఉన్నారు. వేసవి సెలవులలో ప్రతి ప్రాచ్య కళాశాల తన చుట్టునున్న పది గ్రామాల ఆలయాలను గురించి పై పద్ధతిని వివరాలు వ్రాయించగలిగితే, రెండు శతాబ్దుల క్రితం కావలి సోదరులు ఆరంభించిన పని కొనసాగుతుంది. జలాశయం నిండే వరకు, పైకప్పు కూలే వరకు వేచి ఉండి చేయదగిన పని కాదిది.